సాక్ష్యము లేని దేవతలు

988వ సంవత్సరమున కీవు నగరములో ఒక దేవుని గుఱ్ఱపు తోకకు కట్టి కొండ దిగువకు ఈడ్చిరి. ఆ దేవుని పేరు పెరూన్. విగ్రహము కొయ్యది, తల వెండిది, మీసములు బంగారువి. పండ్రెండుగురు మనుష్యులు కఱ్ఱలతో దానిని బాదుచు వెంట నడచిరి. ఎనిమిదేండ్లకు ముందు, 980లో, ఆ విగ్రహమును తన మేడ వెలుపలి గుట్టమీద నిలిపినవాడును, ఇప్పుడు దానిని నీపరు నదిలో త్రోయించినవాడును ఒక్కడే, వ్లదీమిర్ అను రాజు. క్రైస్తవమును ఇంకను స్వీకరింపని ప్రజలు ఆ దృశ్యమును చూచి విలపించిరని కీవు చరిత్రగ్రంథము చెప్పుచున్నది. ఆ గ్రంథమును కూర్చినది క్రైస్తవ మఠమున. కూర్చినది సంఘటన జరిగిన నూఱేండ్లకు పైబడిన తరువాత. మనకు దక్కిన అతిప్రాచీనమైన ప్రతి 1377 నాటిది.

స్లావు జాతుల ప్రాచీనమతమును గూర్చి మనకు తెలిసినదంతయు ఇంచుమించుగ ఈ రీతిగనే తెలిసినది. ఆ దేవతలను పూజించినవారు తమ పూజను గూర్చి ఒక్క పుటయైనను వ్రాసి యుంచలేదు. వ్రాసినవారు ఆ పూజను మాన్పించుటకు వచ్చినవారు, లేదా దానిని దూరమునుండి చూచి అసహ్యించుకొన్నవారు. రష్యనులు, ఉక్రేనీయులు, పోలులు, చెకులు, సెర్బులు, బల్గేరియనులు మొదలగు ఇన్ని జాతులకు తమ పూర్వుల దేవతాగాథ యనదగిన గ్రంథమొక్కటియు మిగులలేదు. ఇది దుఃఖింపదగిన విషయము. కాని దుఃఖము ప్రమాణము కాదు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. ఆకరములు తక్కువైనకొలదిని పరిశోధకుని నియమము బిగియవలెను గాని సడలరాదు. వినుటకిది అందఱు నొప్పుకొనెడి మాటవలె నుండును. ఆచరణలో మాత్రము దీనికి విరుద్ధమైన న్యాయమే శతాబ్దములుగా చెల్లుచున్నది. “సాక్ష్యము లేదు గదా, కావున ఊహించుటకు మనకు స్వేచ్ఛ కలదు” అనునదే ఆ న్యాయము. నా వాదము ఈ న్యాయముతోడనే. దీనిని ప్రేమతో పాటించినవారు కలరు, పాండిత్యముతో పాటించినవారు కలరు, కపటముతో పాటించినవారును కలరు. మువ్వురివలనను కలిగిన నష్టమొక్కటియే.

ముందుగ ఉన్న ఆస్తిని లెక్కచూచుకొందము. 6వ శతాబ్దమున ప్రొకోపియస్ అను బైజాంటియము చరిత్రకారుడు, స్లావులు మెఱుపును సృజించు ఒక దేవుని సర్వమునకు ప్రభువుగ నెంచి ఎడ్లను బలి యిత్తురనియు, నదులను జలదేవతలను కొలుతురనియు కొన్ని వాక్యములు వ్రాసెను. ఆ దేవుని పేరు చెప్పలేదు. రుస్ రాజులు బైజాంటియముతో చేసికొన్న 907, 945, 971 సంవత్సరముల సంధులలో పెరూన్ పేరిట ప్రమాణములు కలవు. 907, 971 సంధులలో పశువుల దేవుడైన వోలోస్ పేరు కూడ చేరినది. వ్లదీమిర్ 980లో నిలిపిన విగ్రహములు ఆఱు: పెరూన్, ఖోర్స్, దాజ్‌బోగ్, స్త్రిబోగ్, సిమార్గ్ల్, మోకోష్. చరిత్రగ్రంథము వీరి పేర్లు చెప్పి ఊరకున్నది. ఎవరు దేనికి అధిపతియో, ఎవరికెవరు చుట్టమో అచ్చట లేదు.

పడమటి దిక్కున సాక్ష్యము కొంత మెఱుగు. బాల్టిక్ తీరపు స్లావుల గుళ్లను గూర్చి జర్మను మతాధికారులు థీట్‌మార్, ఆడమ్, హెల్మోల్డ్ 11, 12 శతాబ్దములలో వ్రాసిరి. బాంబెర్గు బిషప్పు ఓటో 1124లోను 1128లోను పొమెరేనియాకు పోయి మూడు తలల త్రిగ్లావు విగ్రహమును పడగొట్టించిన కథను అతని జీవితచరిత్రకారులు చెప్పిరి. 1168లో డేనులు ర్యూగెన్ ద్వీపమున ఆర్కోనా కోటను పట్టుకొని నాలుగు తలల స్వాంటోవిట్ విగ్రహమును గొడ్డళ్లతో నఱికిన వృత్తాంతమును సాక్సో అను పండితుడు విపులముగ వర్ణించెను. వీనికి తోడు అన్యమతాచారములను ఖండించిన రష్యను ధర్మోపదేశములు కొన్ని. 1185 నాటి దండయాత్రను గానము చేసిన ‘ఈగొర్ సేనాగాథ’ అను కావ్యములో అక్కడక్కడ మెఱయు దేవతల పేర్లు కొన్ని. మూటలోని ధాన్యమంతయు ఇంచుమించుగ ఇంతే.

ఇందులో కథ యనదగినది ఏది? ఒక దేవుని పుట్టుకను గాని, వివాహమును గాని, యుద్ధమును గాని ఆనాటి స్లావు భక్తుడు చెప్పినట్లు చెప్పు కథ ఒక్కటియు లేదు. స్వరోగ్ తండ్రి, దాజ్‌బోగ్ కుమారుడు అని ప్రతి జనప్రియ గ్రంథమును వంశవృక్షము గీయుచుండును. దీని మూలమేమనగా, మలాలా వ్రాసిన గ్రీకు చరిత్రను అనువదించినప్పుడు ఎవరో హెఫైస్తస్ అను గ్రీకు దేవుని పేరునకు స్వరోగ్ అనియు, అతని కుమారుడైన సూర్యునకు దాజ్‌బోగ్ అనియు అర్థము చేర్చిరి. రష్యను చరిత్రగ్రంథమొకటి దానిని 1114వ సంవత్సరపు ఘట్టమున ఉదాహరించెను. తండ్రికొడుకుల బంధము గ్రీకు కథలోనిదే. స్లావులును అట్లే తలచిరా, లేక అనువాదకుడు చేతికి దొరకిన రెండు పేర్లను రెండు ఖాళీలలో కూర్చెనా? ఈ ప్రశ్న వేయకుండ వంశవృక్షము గీయుట పరిశోధన కాదు.

భారతీయ పాఠకునకు ఈ దుర్దశ క్రొత్త కాదు. మన లోకాయతుల సంగతి స్మరింపుడు. వారి సూత్రగ్రంథము నశించినది. వారు చెప్పినదానిని మనము ప్రధానముగ వారి ప్రతివాదుల పూర్వపక్షములనుండియే తెలిసికొనుచున్నాము. 14వ శతాబ్దమున మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహమున చార్వాకమతమును మొదటి అధ్యాయముగ పెట్టినది, తరువాతి దర్శనములచేత అది క్రమముగ నిరస్తమగుటకే. పూర్వపక్షము ప్రతివాది మాటయే యైనను సిద్ధాంతి నోట వినవచ్చుచున్నదన్న ఎఱుక మన శాస్త్రసంప్రదాయమున మొదటి పాఠము. సాక్సో వర్ణించిన స్వాంటోవిట్, కీవు సన్న్యాసి వర్ణించిన పెరూన్ అట్టి పూర్వపక్షములే. వానిని త్రోసివేయనక్కఱలేదు, కాని అవి ఎవరి నోటినుండి వచ్చినవో ఒక్క వాక్యమునందైనను మఱవరాదు.

ఆ సాక్షులు సైతము ఒకరితో నొకరు ఏకీభవింపరు. థీట్‌మార్ వ్రాతలో ఊరి పేరు రీడెగోస్ట్, అచ్చటి ప్రధానదైవము స్వరోజిచ్. అర్ధశతాబ్దము దాటిన తరువాత ఆడమ్ వ్రాతలో ఊరి పేరు రెత్రా, దైవము రెడిగాస్ట్. ఊరి పేరు దేవుని పేరుగ మాఱెనా? దేవునకే రెండు పేరులు గలవా? పండితులు నేటికిని వాదించుచున్నారు. ఒక గుడి, ఇద్దఱు విద్యావంతులు, ఒక శతాబ్దమైనను దాటని కాలము, అయినను పేరే నిలువలేదు! ఇట్టి పునాదిమీద ఏడంతస్తుల మేడ కట్టువారి ధైర్యమునకు నమస్కారము.

ఇక ఆ మేడ ఎట్లు లేచెనో చూతము. 15వ శతాబ్దమున పోలిష్ చరిత్రకారుడు యాన్ ద్లూగోష్ తన జాతికి దేవతలు లేకపోవుట చిన్నతనముగ తలచెను గాబోలు. రోమనుల దేవతలను వరుసగ నిలిపి ఒక్కొక్కరికి ఒక్కొక్క పోలిష్ పేరు పెట్టెను. జూపిటరునకు యేషా, మార్సునకు లాదా, వీనసునకు జిజిలేలా. ఈ పేర్లలో కొన్ని జానపదుల పాటలలోని పల్లవి మాటలు తప్ప మఱేమియు కావని అలెగ్జాండర్ బ్రూక్నర్ వంటి భాషావేత్తలు తరువాత వాదించిరి. మన పాటలలోని ‘ఏలో’, ‘సువ్వి’ అను మాటలను ఎవడో పరదేశి విని ఏలోదేవి, సువ్విదేవుడు అని గుళ్లు కట్టినట్లున్నది ఈ పని. ఇందులో వింత యేమనగా, ద్లూగోష్ చేత మార్సుగ పుట్టిన లాదా తరువాతి వారి గ్రంథములలో స్త్రీయై సౌందర్యదేవతయై వెలసెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము.

ద్లూగోష్ మోసగాడు కాడు. ఆ కాలపు విద్యావంతుడు చేయు పనినే చేసెను. తరువాత వచ్చినవారిని గూర్చి అట్లు చెప్పుటకు వీలులేదు. 1768లో మెక్లెన్‌బుర్గు దేశమున కొన్ని కంచు విగ్రహములు బయలుపడెను. అవి ప్రిల్‌విట్జ్ గ్రామమున దొరికినవనియు, రెత్రా గుడిలోనివే యనియు చెప్పిరి. వానిమీద దేవతల పేర్లు రూను లిపిలో చక్కగ చెక్కియుండెను. 1771లో వానిని గూర్చి బొమ్మలతో ఘనమైన గ్రంథము వెలువడెను. కంసాలి పనివారైన స్పోన్‌హోల్ట్‌జ్ సోదరులు వానిని పోతపోసిరని 1834 నాటికి గాని తేటపడలేదు. ఈలోగా ఆ విగ్రహముల పేర్లు పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకిపోయెను. విగ్రహము అబద్ధమని తేలినను దానినుండి పుట్టిన వాక్యము చావదు.

చెకుల కథ ఇంతకంటె హృదయవిదారకము. 1817లో వాత్స్లావ్ హంకా అను పండితుడు ద్వూర్ క్రాలోవే పట్టణపు చర్చి గోపురములో ప్రాచీన కావ్యముల వ్రాతప్రతి దొరికినదని ప్రకటించెను. మఱుసటి యేట, 1818లో, ఇంకను ప్రాచీనమైనదని చెప్పబడిన రెండవ ప్రతి అజ్ఞాతముగ వచ్చెను. ఆస్ట్రియా పాలనలో తన భాష అణగారియున్న జాతి వానిని కన్నులకద్దుకొనెను. చిత్రకారులు వానిలోని ఘట్టములను చిత్రించిరి, సంగీతకర్తలు పాటలు కట్టిరి. రెండవది కృత్రిమమని దొబ్రోవ్‌స్కీ 1824లోనే వ్రాయగా అతనిపై నిందలు కురిసెను. ఒక మధ్యయుగపు లాటిను నిఘంటువులో సైతము ఎవరో క్రొత్తగ చెకు అర్థములు చేర్చిరనియు, దేవతల పేర్లు పెక్కు అట్లు చేరినవే యనియు 1877లో పటేరా నిరూపించెను. 1886లో గెబావర్ అను భాషావేత్తయు, తోమాష్ మాసరిక్ అను తత్త్వశాస్త్రాచార్యుడును తమ పత్రికలో ఆ రెండు ప్రతులను శాస్త్రీయముగ పరీక్షించి కపటమును బయటపెట్టిరి. పత్రికలు వారిని జాతిద్రోహులనెను. జాతి గౌరవము అబద్ధముమీద నిలువదని మాసరిక్ వాదించెను. ఆ జాతిద్రోహియే 1918లో చెకొస్లవేకియా ప్రథమాధ్యక్షుడయ్యెను. కపటగ్రంథములు లేకున్నను ఆ జాతి స్వతంత్రమయ్యెను. “అబద్ధమైననేమి, జనులకు ధైర్యము నిచ్చెను గదా” అనువారు ఈ చరిత్రను రెండుసార్లు చదువవలెను.

మనకు మఱింత దగ్గఱగ తాకునది ‘వేద స్లొవేన’ అను గ్రంథము. స్తెఫాన్ వెర్కోవిచ్ దీనిని 1874లో బెల్‌గ్రేడులో ప్రకటించెను. రొదోపె కొండలలోని బల్గేరియను భాష మాటలాడు ముస్లిముల నోట విన్న క్రీస్తుపూర్వకాలపు పాటలని చెప్పి గొలొగానోవ్ అను ఉపాధ్యాయుడొకడు వీనిని సేకరించి పంపెను. వానిలో ఓర్ఫియస్ కలడు, మన విష్ణువును కలడు. పేరే వేదము! పెక్కుమంది పండితులు వీనిని కల్పితములుగనే త్రోసివేసిరి. ఆ కాలమున సంస్కృతమును గూర్చిన వార్తలు ఐరోపా అంతటను మారుమ్రోగుచుండెను; ఎవరికి పూర్వము కావలసినను భారతదేశపు గాదెనుండి కొలుచుకొనుట వాడుకయయ్యెను. అప్పు చేసికొన్న వారిని నేను తప్పు పట్టను. అప్పు ఇచ్చి సంతోషించిన మనవారిని తప్పు పట్టుదును.

ఈ వరుసలో కడపటిది, నేడు మిక్కిలి ప్రచారమున నున్నది, ‘వేలెస్ గ్రంథము’. 1919లో రష్యను అంతర్యుద్ధకాలమున ఇజెన్‌బెక్ అను సేనాధికారికి పాడుబడిన ఒక జమీందారు భవనమున చెక్క పలకలు దొరికెననియు, బ్రస్సెల్స్ నగరమున మిరొల్యూబొవ్ అను ప్రవాసి వానికి నకళ్లు వ్రాసికొనెననియు చెప్పుదురు. ఇజెన్‌బెక్ 1941లో మరణించెను, పలకలు మాయమయ్యెను. 1950లలో శాన్ ఫ్రాన్సిస్కోలోని రష్యను ప్రవాసుల పత్రికలో ఆ పాఠము అచ్చయ్యెను. 1960లో లిదియా జుకోవ్‌స్కయా ఒక పలకదని చెప్పబడిన ఛాయాచిత్రమును పరీక్షించి, అది కొయ్యకు తీసిన పటమువలె లేదనియు, అందలి భాష ఏ కాలపు స్లావు భాషయు కాజాలదనియు తేల్చెను. వేర్వేఱు శతాబ్దముల రూపములు, వేర్వేఱు భాషల అంత్యములు ఒక్క వాక్యమున కలిసియున్నవి. భాష తెలియనివాడు ప్రాచీనమువలె వినబడవలెనని వ్రాసినపుడు ఇట్లే యుండును. అయినను నేడు రష్యాలోను ఉక్రెయినులోను క్రొత్తగ లేచిన అన్యమతబృందములలో కొన్ని దీనిని పవిత్రగ్రంథముగ పారాయణము చేయుచున్నవి. తమ జాతి అన్నిటికంటె ప్రాచీనము, అన్నిటికంటె శుద్ధము అని చెప్పుకొనువారు తఱచు దీనినే చూపుదురు. కల్పిత పురాణము ఇల్లు చేరిన పిదప ఊరకుండదు. పొరుగువాని పొలముమీద హక్కు చెప్పును.

ఇచ్చట నా ప్రతివాది లేచి ఇట్లనవచ్చును: “నీవు దేనినైనను కపటమందువు. అనుమానమే నీ వృత్తి. ఈగొర్ సేనాగాథ మాత్రము నమ్మదగినదా? దాని వ్రాతప్రతియు 1812లో మాస్కో దహనమున కాలిపోయెను గదా.” ఈ ప్రశ్న న్యాయమైనది, దీనికి సమాధానమే నా వాదమునకు ఆయువుపట్టు. ఆ గాథ 1800లో అచ్చయ్యెను, మూలప్రతి నశించెను, అది 18వ శతాబ్దపు కల్పనయని గట్టిగ వాదించిన పండితులు కలరు. రష్యను భాషావేత్త అంద్రేయ్ జలిజ్న్యాక్ 2004లో ఆ వివాదమును దేశాభిమానముతో గాక వ్యాకరణముతో తూచెను. వాక్యములో చిన్న అవ్యయములు ఏ స్థానమున నిలుచును, ద్వివచనము ఎచ్చట వచ్చును అను సూక్ష్మనియమములను ఆ గాథ పాటించుచున్నది. అందు పెక్కు నియమములు 19, 20 శతాబ్దముల పరిశోధనవలన గాని బయటపడలేదు. 1951 మొదలు నొవ్‌గొరొద్ మట్టిలో దొరకిన భూర్జపత్రముల లేఖలు ఆ నియమములకు సాక్ష్యమిచ్చెను. 18వ శతాబ్దపు కపటరచయిత వానిని ఎఱుగుట అసంభవము. ఆ జలిజ్న్యాకే, ఆ త్రాసునే చేతబట్టి, వేలెస్ గ్రంథము కృత్రిమమని తీర్పు చెప్పెను.

త్రాసు ఒక్కటి, తీర్పులు రెండు. అనుమానము దేనినైనను చంపుననువారు ఈ ఒక్క దృష్టాంతమును గమనింతురు గాక. కఠినమైన పరీక్ష అబద్ధమును కాల్చినంత నిశ్చయముగ నిజమును రక్షించును. పరీక్ష లేనిచోట రెండును ఒక్క రాశిలో కలిసిపోవును. అపుడు వెలితిపడునది నిజమే.

ఇంతవరకు కపటులను గూర్చి చెప్పితిని. గౌరవనీయులైన పండితులు చేసిన సాహసములును కలవు. 1848లో జ్బ్రుచ్ నదిలో నాలుగు ముఖముల సున్నపురాతి స్తంభమొకటి దొరికెను. నేడది క్రాకోవు పురావస్తుశాలలో నున్నది. దానిమీద ఒక్క అక్షరమైనను లేదు. సోవియట్ పురావస్తువేత్త బోరిస్ రిబకోవ్ దానిమీది ప్రతి బొమ్మకు పేరు పెట్టెను: కొమ్ము పట్టినది మోకోష్, ఉంగరము పట్టినది లాదా, ఖడ్గము గలవాడు పెరూన్, క్రింద మోయుచున్నవాడు వేలెస్. పాటల పల్లవినుండి పుట్టిన లాదా ఇచ్చట రాతియందు ప్రాణప్రతిష్ఠ పొందెను! ఆ స్తంభమే 19వ శతాబ్దపు కృత్రిమమని ఇద్దఱు ఉక్రేనీయ పరిశోధకులు 2011లో వాదించిరి. ఆ వివాదమింకను తీఱలేదు. రిబకోవ్ 1981లో వెలువరించిన మహాగ్రంథము ఎందఱికో ఈ విషయమున ప్రవేశద్వారమయ్యెను. అందు ఎంత సాక్ష్యమో, ఎంత ఊహయో సామాన్యపాఠకుడు విడదీయలేడు. ఆ గ్రంథముపై నా అభియోగము ఇదియే.

ఇవానోవ్, తొపొరోవ్ అను పండితులు 1974లో వేఱొక త్రోవ త్రొక్కిరి. ఉరుముల దేవుడు పైనుండి క్రిందనున్న సర్పరూపశత్రువును వెంటాడి కొట్టును. ఆ దేవుడు పెరూన్, ఆ శత్రువు వేలెస్. బెలారూసు జానపదకథలు, లిథువేనియా గాథలు, మన ఋగ్వేదములోని ఇంద్రవృత్రుల యుద్ధము దీనికి ఆధారములు. ఇది మేధావుల కూర్పు, అందమైన కూర్పు. వారు దీనిని ఊహగనే చెప్పిరి. కాని ఏ ప్రాచీనగ్రంథమందును పెరూన్ వేలెసుతో పోరాడడు. 971 సంధిలో ఇద్దఱును ఒకే ప్రమాణములో పక్కపక్కనే నిలిచియున్నారు. నేడు మాత్రము ఆ యుద్ధమును కన్నులార చూచినట్లు వర్ణించు పుస్తకములు అసంఖ్యాకములు. ఊహ ఒకరి చేతినుండి ఇంకొకరి చేతికి మాఱునపుడు ‘కావచ్చును’ అను మాట దారిలో జారిపోవును. మొదటివాడు దానిని గట్టిగ కట్టవలెను. రెండవవాడు దానిని పారవేయరాదు.

వేదము ప్రసక్తి వచ్చినది గనుక మన ఇంటి సంగతియు చెప్పవలెను. పెరూన్ అనగా పర్జన్యుడే, ‘బోగ్’ అనగా భగుడే, కావున స్లావుల మతము వైదికమతమే అని మన దేశమున ఉత్సాహముతో చెప్పువారు కలరు. రెండవదానిలో కొంత సత్యము కలదు. స్లావు భాషలలో దేవుని పేరైన ‘బోగ్’, సంస్కృతములోని ‘భగ’, ప్రాచీన ఇరాను భాషలోని ‘బగ’ ఒకే కుదురునుండి వచ్చిన మాటలు. అయితే స్లావులు దానిని పిత్రార్జితముగ పొందిరా, ఇరానీయుల పొరుగున నివసించి అరువు తెచ్చుకొనిరా అన్నది వివాదాస్పదము. మొదటిదానిలో పెరూన్, పర్జన్య శబ్దములకు అర్థసామ్యమున్నను ధ్వనినియమములు సుఖముగ కుదురవు. ఇంతకును మాట ఒక్కటైనంత మాత్రమున మతము ఒక్కటి కాదు. ఋగ్వేదమున 1028 సూక్తములు గల మనకు లేమి యనగా ఏమో తెలియదు. ధనికుని ఇంట మిగిలినది తెచ్చి దరిద్రుని ఇంట వడ్డించి, ఇదే మీ తాతల భోజనమని చెప్పుట దానము కాదు, అవమానము. స్లావు జాతుల దేవతలు మన దేవతల నీడలు కారు. వారికి తమ బ్రతుకు, తమ చావు కలవు.

“అట్లయిన నీవు మిగిల్చినదేమి? ఉన్న కొంచెమును ఊడ్చివేసితివే” అందురా? మిగిలినది తక్కువ కాదు. గుఱ్ఱమును చూడుడు. రీడెగోస్ట్ గుడిలో గొప్ప అశ్వమును నేలలో గ్రుచ్చిన ఈటెలమీదుగ నడపించి శకునము చూచెడివారని థీట్‌మార్ వ్రాసెను. స్చెచిన్ నగరమున త్రిగ్లావుని నల్లగుఱ్ఱమును ఈటెల నడుమ నడపెడివారని ఓటో జీవితచరిత్రలో నున్నది. ఆర్కోనాలో స్వాంటోవిట్ తెల్లగుఱ్ఱము ఈటెలను ఏ కాలితో దాటునో చూచి యుద్ధము నిశ్చయించెడివారని సాక్సో చెప్పెను. మూడు ఊళ్లు, మూడు కాలములు, మువ్వురు ప్రతివాదులు, అయినను ఆచారమొక్కటే. శత్రువులు మువ్వురు వేర్వేఱుగ చెప్పిన పొందిక కల్పితము కాజాలదు. బాల్టిక్ స్లావులు గుఱ్ఱముచేత దైవేచ్ఛను అడిగిరని మనము నిస్సంశయముగ చెప్పవచ్చును. ఆ ఒక్క వాక్యము వేయి వంశవృక్షములకంటె బరువైనది, ఏలయన అది నిజము.

ఇంకొక గాదె కలదు. అది పల్లెలలో నున్నది. నవలాకారుడు లియో టాల్‌స్టాయ్ మునిమనుమడైన నికీత టాల్‌స్టాయ్ 1960ల నుండి శిష్యులతో బెలారూసు, ఉక్రెయిను సరిహద్దులలోని పొలేసియా చిత్తడి పల్లెలకు పోయి, వృద్ధులు చెప్పిన నమ్మకములను, పండుగలను, చావు పుట్టుకల ఆచారములను ఊరి పేరుతో సహా వ్రాసికొనెను. 1986లో చెర్నోబిల్ ప్రమాదమువలన ఆ ప్రాంతమున ఎన్నో పల్లెలు నిర్జనములయ్యెను. వ్రాసికొననిది పోయినది, వ్రాసికొన్నది నిలిచినది. ఆ కృషినుండి స్లావుల ప్రాచీనాచారముల నిఘంటువు అయిదు సంపుటములు 1995 నుండి 2012 వరకు వెలువడెను. అందు ఇంటిని కాచు ముసలిదేవుడు కలడు, నీటిలోని ఆత్మలు కలవు, అకాలమరణము పొందినవారి భయము కలదు. వెండితల దేవుళ్లు లేరు. కాని జనులు వేయి సంవత్సరములు నిజముగ దేనితో బ్రతికిరో అది కలదు.

అచ్చటను జాగ్రత్త వలయును. ఉరుము ఉఱిమినపుడు ఏలియా ప్రవక్త రథము నడుపుచున్నాడని రష్యను రైతు అనును. ఇది పెరూన్ వేషాంతరమని పలువురు వ్రాసిరి, కావచ్చును. కాని అగ్నిరథము, వానను ఆపి కురిపించు శక్తి ఏలియాకు బైబిలులోనే కలవు. కుపాలా అను దేవుడు 17వ శతాబ్దమునకు ముందు వినబడడు. స్నానమిచ్చు యోహాను పండుగ పేరునుండి పండితులు తీసిన దేవుడతడు. జానపదాచారమంతయు ప్రాచీనము కాదు. ప్రాచీనమైనదంతయు దేవత కాదు.

కావున ఈ విషయమున క్రొత్తగ ప్రవేశించు యువపరిశోధకునకు నా మనవి చిన్నది. ప్రతి దేవత పేరునకు ఎదుట అది మొదట ఏ గ్రంథమున, ఏ సంవత్సరమున, ఎవరి చేత వ్రాయబడినదో వ్రాసికొనుము. 15వ శతాబ్దమునకు పిమ్మట మొదలగు పేరును వేఱు పట్టికలో ఉంచుము. ఇద్దఱు సాక్షులు చెప్పిన మాటలో రెండవవాడు మొదటివానిని చదివెనేమో విచారింపుము. చదివియున్న యెడల వారిద్దఱు ఒక్క సాక్షియే. పోలిక చూపునపుడు పోలిక అని చెప్పుము. తెలియనిచోట తెలియదని వ్రాయుము. ఆ మాట వ్రాయుటకు సిగ్గుపడుటచేతనే ఇంత కపటమును ప్రపంచమున ప్రవేశించినది.

పెరూన్ కథ తుది చెప్పి ముగింతును. విగ్రహము ఒడ్డున చిక్కుకొన్నచో కఱ్ఱలతో త్రోసివేయుడని రాజు భటులను వెంట పంపెను. నది జలపాతములను దాటిన తరువాత వారు దానిని విడిచిపెట్టిరి; గాలి దానిని ఒక ఇసుకదిబ్బమీదికి నెట్టెను. ఆ చోటు నాటినుండి పెరూన్ దిబ్బ అని పిలువబడుచున్నదని చరిత్రగ్రంథకర్త వ్రాసి ఊరకుండెను. అటుపిమ్మట ఆ దేవుని గూర్చి అతడెఱుగడు. మనమును ఎఱుగము. ఆ దిబ్బవఱకు సాక్ష్యమును చేతబట్టుకొని పోవుట పరిశోధకుని ధర్మము. అచ్చటనుండి క్రొత్త కొయ్య చెక్కి, క్రొత్త వెండితల తొడిగి, ఇదిగో పెరూన్ అని ఊరేగించుట ఆ ప్రజలు పోగొట్టుకొన్న దేవుని తిరిగి ఇచ్చుట కాదు. వారిని రెండవమాఱు మోసగించుట.